వెలుతురును లెక్కపెట్టిన వాళ్లు



మాస్టారు చిక్కడపల్లిలో కొన్ని దశాబ్దాల పాటు ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పారు. ఆయన పేరు మీద ఏటా ఒక ఉపన్యాసం జరిపించాలని శిష్యులు తలపెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: దండలూ శాలువాలూ వద్దు, విన్నవాళ్లు ఒక్క సంగతైనా కొత్తగా తెలుసుకుని వెళ్లాలి. ఆ షరతుకు లోబడే మాట్లాడతాను.

ఈ అంశం ఎంచుకోవడానికి కారణం ఉంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్ల నీడన చదువుకునే పిల్లల నోట్సుల్లో ఈమధ్య ‘క్వాంటం’ అనే మాట తరచూ కనబడుతోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025ను ఐక్యరాజ్య సమితి క్వాంటం శాస్త్ర సాంకేతిక సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం వస్తుందని వార్త వెలువడింది. ఇవన్నీ పరీక్షల్లో అడగదగ్గ విషయాలే, గుర్తుంచుకోవలసిందే. కానీ క్యూబిట్ అంటే ఏమిటని అడిగితే ‘ఒకేసారి సున్నా, ఒకటి రెండూ అయ్యేది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. ఆ వాక్యం వల్ల తెలిసేది ఏమీ లేదు, తెలిసిపోయిందన్న భ్రమ తప్ప. ఇంకోపక్క ‘క్వాంటం’ అని పేరు తగిలించి లాకెట్లు, తైలాలు, వైద్యాలు అమ్మేవాళ్లు బయల్దేరారు. అర్థంకానిదల్లా క్వాంటమే, క్వాంటం అంటే అర్థంకానిదే అన్న ప్రచారం వాళ్లకు పెట్టుబడి. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది. ఎంతో మంది జీవితాలు ధారపోసి, ఒక్కో అంకెనూ సరిచూసి కట్టిన శాస్త్రం ఇది.

నేను చెప్పదలచినది ఒక్కటే. పాత భౌతికశాస్త్రం ధారగా చూసినదాన్ని క్వాంటం సిద్ధాంతం ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాక ప్రకృతిని ఏ ప్రశ్నలు అడగవచ్చో, ఏవి అడగకూడదో కూడా మారిపోయింది. ఆ లెక్క పెట్టినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన చదువుకున్న నిజాం కాలేజీ మనకు నారాయణగూడ మీదుగా నడిచి వెళ్లేంత దూరం.

ముందు పాత భౌతికశాస్త్రానికి ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా వెళ్లింది. ఆ మధ్యాహ్నం హైదరాబాద్ వీధులు బోసిపోయాయి, జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో మాత్రం శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించుకుని ఆ నీడ కోసం ఎదురుచూశారు. అది ఏ క్షణాన వస్తుందో, ఎంతసేపు ఉంటుందో వాళ్లకు ఏళ్ల ముందే తెలుసు. చంద్రుడు ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏ వేగంతో ఎటు పోతున్నాడు అన్న రెండూ తెలిస్తే చాలు, 1687లో న్యూటన్ ఇచ్చిన సూత్రాలు మిగతాది చెప్పేస్తాయి.

ఆ శాస్త్రం చెప్పకుండానే కొన్ని నమ్మకాలు పెట్టుకుంది. మనం చూసినా చూడకపోయినా వస్తువుకు ఒక స్థానం, ఒక వేగం ఉంటాయి. శక్తిని ఎంత చిన్న భాగంగానైనా పంచుకోవచ్చు, ఇంతకన్నా తక్కువ కుదరదు అనే హద్దు లేదు. నేటి స్థితి పూర్తిగా తెలిస్తే రేపటిది తెలిసినట్టే. 1860లలో మాక్స్‌వెల్ విద్యుత్తును, అయస్కాంతాన్ని కలిపి కాంతి కూడా ఒక తరంగమేనని తేల్చాక ఈ నమ్మకాలు ఇంకా గట్టిపడ్డాయి.

అవి ఎక్కడెక్కడ బీటలు వారాయో మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి తొందరగా దాటేస్తాను. కాగిన వస్తువు వెదజల్లే వెలుతురుకు పాత లెక్క పొసగకపోతే 1900 డిసెంబరులో మాక్స్ ప్లాంక్ శక్తిని ముక్కలుగా పంచి చూశాడు. 1905లో ఐన్‌స్టీన్ ఆ ముక్కలు కాంతిలోనే ఉన్నాయన్నాడు. 1913లో బోర్ అదే పద్ధతిని పరమాణువుకు వర్తింపజేశాడు. 1925 వేసవిలో హెల్గోలాండ్ దీవిలో హైజెన్‌బర్గ్ కొత్త యాంత్రికశాస్త్రానికి తొలి రూపం ఇచ్చాడు. పుస్తకాలన్నీ ఈ వరసలోనే చెబుతాయి. నాకు ఈ వరస మీద పెద్దగా ప్రేమ లేదు. కాగిన పొయ్యితో మొదలుపెడితే విద్యార్థికి సూత్రం కనబడుతుంది, వింత కనబడదు. ఆ వింతను కంటితో చూడటానికి మన పేటలోనే వీలుంది.

మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో ట్యాంక్‌బండ్ రోడ్డు మీద నిలబడి పడమటి వైపు చూడండి. హుస్సేన్ సాగర్ నీళ్ల మీద ఎండ పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ తళతళ చాలావరకు అణిగిపోతుంది. తల పక్కకు వాల్చి చూడండి, తళతళ మళ్లీ వస్తుంది. సూర్యుడు ఆకాశంలో దాదాపు 37 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. నీటి మీద పడి తిరిగివచ్చే కాంతి ఆ కోణంలో దాదాపు మొత్తం అడ్డంగానే, అంటే నీటిమట్టానికి సమాంతరంగానే కంపిస్తుంది. కళ్లద్దం నిలువు కంపనాన్నే వదులుతుంది. కాంతికి ఉన్న ఈ గుణాన్ని ధ్రువణం అంటారు.

ఇప్పుడు ఈ మూడు పోలరాయిడ్ రేకులు చూడండి. ఒకటి నిలువుగా పట్టుకున్నాను, రెండోది దాని వెనక అడ్డంగా పెట్టాను. ఆ దీపం మీకు కనబడటం లేదు. మొదటిది దాటి వచ్చినదాన్నంతా రెండోది ఆపేసింది. ఇందులో వింత లేదు. ఇక మూడో రేకును ఈ రెంటికీ మధ్య 45 డిగ్రీల వాలులో దూరుస్తాను. దీపం కనబడుతోంది! ఇంకో అడ్డు పెడితే వెలుతురు తగ్గాలి కదా, పెరిగింది.

దీనికి పాత శాస్త్రంలోనే సమాధానం ఉంది. ఫ్రాన్సులో మాలూస్ 1809 నాటికే ఈ లెక్క కట్టాడు. 45 డిగ్రీల రేకు తనకు అనువైన సగాన్ని వదిలి, దాని కంపనాన్ని తన వాలుకు తిప్పేస్తుంది. ఆ వాలు కాంతిలో సగం ఆఖరి అడ్డ రేకును దాటుతుంది. సగంలో సగం, అంటే మొదటి రేకు దాటినదాంట్లో నాలుగో వంతు. నిజం రేకులు కొంత మింగేస్తాయి కాబట్టి చేతికి అంతకన్నా కాస్త తక్కువే అందుతుంది. కాంతి తరంగమైతే ఇందులో చిక్కేమీ లేదు, తరంగం పలచబడింది, అంతే.

చిక్కు లెక్కపెట్టినప్పుడు వస్తుంది. ఒక వాట్ ఆకుపచ్చ కాంతిలో సెకనుకు సుమారు 2.7×10¹⁸ ఫోటాన్లు ఉంటాయి, 27 పక్కన 17 సున్నాలు. అంత గుంపు వస్తున్నప్పుడు ధారగానే కనబడుతుంది. దాన్ని పలచన చేస్తూ పోతే ఏమవుతుంది? 1909లో కేంబ్రిడ్జిలో జి.ఐ. టేలర్ ఒక చిన్న మంట వెలుతురును పొగ పట్టిన గాజుల గుండా బాగా మసకబార్చి, సూది నీడను దాదాపు 2,000 గంటల పాటు ఫొటో ప్లేటు మీద పడనిచ్చాడు. అంత మసక వెలుతురులోనూ నీడ అంచున తరంగపు చారలు చెక్కుచెదరలేదు. ఒక్కొక్క ఫోటాన్‌నే విడిగా పంపి, అది సగంగా విడిపోదని, అయినా చారలు ఏర్పడతాయని గ్రాంజియర్, రోజర్, ఆస్పెక్ట్ 1986లో పారిస్ దగ్గర సందేహానికి తావు లేకుండా చూపించారు.

అలాంటి దీపంతో మన మూడు రేకుల ప్రయోగం చేద్దాం. మొదటి రేకు దాటిన ఫోటాన్లు 4,000 అనుకుందాం. చివర ఉన్న గణన యంత్రం టిక్కు టిక్కుమంటుంది. ప్రతి టిక్కూ పూర్తి టిక్కే. పావు టిక్కు, అర టిక్కు ఉండవు. ఫోటాన్ దాటితే మొత్తంగా దాటుతుంది, ఆగితే మొత్తంగా ఆగుతుంది. చివరికి లెక్క చూస్తే వెయ్యి దగ్గర తేలుతుంది, ఓ ముప్ఫై అటూ ఇటూగా. మాలూస్ చెప్పిన నాలుగో వంతు అలాగే ఉంది. కానీ ఇప్పుడది వెలుతురు ఎంత పలచబడిందో చెప్పే అంకె కాదు, ఒక్కో ఫోటాన్‌కు దాటే అవకాశం ఎంతో చెప్పే అంకె. ఫలానా ఫోటాన్ దాటుతుందా లేదా అంటే క్వాంటం సిద్ధాంతం చెప్పదు. చెప్పడానికి ఏదీ మిగల్లేదని అంటుంది.

ఈ మాట ఐన్‌స్టీన్‌కు కొరుకుడు పడలేదు. ఉప్పల్ స్టేడియంలో టాస్ వేసినప్పుడు బొమ్మా బొరుసా మనకు తెలియదు. అయినా నాణేన్ని ఎంత బలంతో, ఏ వాలున ఎగరేశారో తెలిస్తే లెక్కగట్టి చెప్పవచ్చు. అక్కడ ఉన్నది మన తెలియనితనం. ఫోటాన్ లోపల కూడా మనకు కనబడని ఇలాంటి వివరం దాగి ఉంటుందేమో అన్నది ఐన్‌స్టీన్ ఆశ. 1964లో జాన్ బెల్ దీన్ని వాదనల నుంచి తప్పించి ప్రయోగశాలకు అప్పగించాడు. జంట ఫోటాన్లను దూరదూరంగా పంపి రేకుల వాలు మారుస్తూ లెక్కపెడితే, ఒకచోటి వివరం మరోచోటి ఫలితాన్ని తాకకుండా దాగి ఉన్నపక్షంలో రెండుచోట్ల జవాబుల పొంతన ఒక హద్దు దాటకూడదు. దాటింది. ఆ ప్రయోగాలు చేసిన క్లాజర్, ఆస్పెక్ట్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. టాస్ పద్ధతి తెలియనితనం ఫోటాన్‌కు వర్తించదు.

మధ్య రేకు సంగతి మళ్లీ చూడండి. మొదటి రేకు ఫోటాన్‌ను ‘నువ్వు నిలువువా?’ అని అడిగింది, అవుననిపించుకుంది. వెంటనే ‘అడ్డమా?’ అని అడిగితే కాదనే జవాబు, అందులో సందేహం లేదు. కానీ మధ్యలో ‘45 డిగ్రీల వాలువా?’ అని ఇంకొకటి అడిగాం. దానికి అవునన్న ఫోటాన్ దగ్గర పాత జవాబు చెరిగిపోయింది. ఇప్పుడు ‘అడ్డమా?’ అని మళ్లీ అడిగితే సగం సార్లు అవునంటుంది. కొన్ని ప్రశ్నలకు ఒకేసారి జవాబులు ఉండవు, అడిగే వరస మారితే జవాబు మారుతుంది. హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం చెప్పేది ఇదే, స్థానం, ద్రవ్యవేగం అనే రెండు ప్రశ్నల గురించి. మన పరికరాలు మొరటువి కాబట్టి సరిగ్గా కొలవలేకపోతున్నాం అని చాలా గైడ్లలో రాస్తున్నారు. దయచేసి దాన్ని కొట్టేయండి.

ఇక తెలుగువాడి దగ్గరకు వస్తాను. సూరి భగవంతం 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ వచ్చి నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ తన పేరు నిలిచిపోయిన ఫలితాన్ని కనుగొన్నారు. ఆ వేడి చల్లారని రోజుల్లోనే భగవంతం ఆయన దగ్గర చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఫోటాన్ భ్రమణానికి ప్రయోగ నిదర్శనం అనే పత్రం ప్రచురించారు. భగవంతానికి అప్పటికి ఇరవై రెండేళ్లు నిండీ నిండని వయసు. ఈ గదిలో గ్రూప్స్‌కు చదువుతున్న చాలామంది కన్నా చిన్నవాడు.

వాళ్లు అడిగిన ప్రశ్న ఇది. నిలువు, అడ్డం కాక కాంతికి ఇంకో రకం ధ్రువణం ఉంది. అందులో కంపనం కుడికో ఎడమకో గుండ్రంగా తిరుగుతూ ముందుకు సాగుతుంది. ఇలా తిరిగే కాంతి తాను తాకిన వస్తువుకు కొంత మెలి పెట్టాలని 1909లోనే పాయింటింగ్ మాక్స్‌వెల్ దారిలో లెక్కగట్టాడు. అది ధార లెక్క. మరి ఒక్కో ఫోటాన్‌కు ఆ తిరుగుడులో ఎంత వాటా? 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబట్టినప్పుడు ఒకచోట రెండుతో గుణించవలసి వచ్చింది. ఫోటాన్‌కు రెండు రకాల భ్రమణం ఉండవచ్చని, ఆ రెండు అందుకేనని బోస్ ఊహించినట్టు తమకు ఆయన నోటనే తెలిసిందని రామన్, భగవంతం తమ పత్రం మొదట్లోనే రాశారు. అచ్చులోకి రాకుండా ఉండిపోయిన ఒక ఊహను పట్టుకుని, ఊహ ఎవరిదో చెప్పి మరీ, ప్రయోగానికి పూనుకున్నారు. పరిశోధనలో ఈ మర్యాద ఎంత విలువైనదో ఆ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు.

వాళ్లు కాంతి పరిక్షేపణాన్ని, అంటే అణువుల మీద పడి చెదిరిన కాంతిని పరిశీలించారు. అణువులు కూడా గిరగిరా తిరుగుతుంటాయి, వాటి తిరుగుడు కూడా మెట్లు మెట్లుగానే మారుతుంది. ఫోటాన్‌కు ఒక యూనిట్ భ్రమణం ఉందనుకోండి, ఆ యూనిట్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు ‘పై’లతో భాగిస్తే వచ్చేది. అణువును తాకి చెదిరినప్పుడు ఫోటాన్ భ్రమణం కుడి నుంచి ఎడమకు తిరగబడితే, తేడా రెండు యూనిట్లు. ఆ రెండు ఎక్కడికి పోవాలి? అణువుకే చేరాలి. అప్పుడు అణువు తిరిగే శక్తి మారుతుంది, ఆ మేరకు చెదిరిన కాంతి రంగు వెంట్రుకవాసి జరుగుతుంది. రంగు జరగని కాంతిలో ఇలాంటి తిరగబాటు జరిగి ఉండకూడదు. కనక వర్ణపటంలో రంగు మారని గీతలోనూ, దాని పక్కనే అటూ ఇటూ పరుచుకున్న మసక అంచులోనూ ధ్రువణం చెదిరిన తీరు వేరుగా ఉండాలి. ధార లెక్క చెప్పే నిష్పత్తి వేరు, ఫోటాన్ల లెక్క చెప్పేది వేరు. కొలిచి చూశారు. ఫోటాన్‌కు ఒక యూనిట్ భ్రమణం ఉందనే నిర్ణయానికి వచ్చారు.

నిజాయితీగా చెప్పాలంటే అది పరోక్ష సాక్ష్యం. మెలిని నేరుగా చూపించింది 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్. సన్నని క్వార్ట్జ్ పోగుకు క్వార్ట్జ్ బిళ్లను వేలాడదీసి, గుండ్రంగా తిరిగే కాంతిని దాని గుండా పంపితే అది కొద్దిగా తిరిగింది. అయితే ఆలోచించండి, బెత్ కొలిచింది కోటానుకోట్ల ఫోటాన్ల ధార. దానికి పాయింటింగ్ పాత లెక్కా సరిపోతుంది. ఒక వాట్ ఆకుపచ్చ కాంతి పూర్తిగా వస్తువులో ఇంకిపోతే కలిగే మెలి సుమారు 2.8×10⁻¹⁶ న్యూటన్ మీటర్లు. ఇది పాత దారిలో, కాంతి శక్తిని దాని కోణీయ పౌనఃపున్యంతో భాగిస్తే వస్తుంది. సెకనుకు వచ్చే 2.7×10¹⁸ ఫోటాన్లను ఒక్కో యూనిట్ భ్రమణంతో గుణించినా అదే వస్తుంది. నాకు ఈ లెక్క చేసిన ప్రతిసారీ సంతోషం కలుగుతుంది. ధార దారిన వెళ్లినా, లెక్కపెట్టే దారిన వెళ్లినా ఒకే ఊరు చేరాం. భగవంతం, రామన్‌ల గొప్పతనం ఎక్కడుందంటే, ఒక్కో అణువూ ఒక్కో ఫోటాన్‌తో జరిపే లావాదేవీని వాళ్లు ప్రశ్నగా తీసుకున్నారు. ఆ లావాదేవీలో ధార లెక్క నిలవదు.

ఆ తరవాత కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వాల్తేరులోనే కూర్చుని టి. వెంకటరాయుడితో కలిసి భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని వర్తింపజేసే పుస్తకం రాశారు. 1948లో వెలువడిన ఆ పుస్తకం అణువు సౌష్ఠవాన్ని బట్టి దాని రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు రావాలో చెప్పే పద్ధతిని విద్యార్థుల చేతికి అందించింది. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఇదే నగరంలో ఉన్నారు. తరవాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. పదవుల పట్టిక పొడుగైనదే. నాకు మాత్రం ఆయన పేరు వినగానే 1931 నాటి ఆ మసక అంచే గుర్తొస్తుంది.

ఈ నగరంలో క్వాంటం చదువు ఆయనతోనే మొదలు కాలేదు. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ, హైజెన్‌బర్గ్ పాఠాలు చెబుతున్న లైప్‌జిగ్‌కు వెళ్లి డాక్టరేట్ తెచ్చుకున్నారు. తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించారు. క్వాంటం మెకానిక్స్ మీద ఆయన ఉపన్యాసాలు 1930లలోనే పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఆ సిద్ధాంతం వయసు పట్టుమని పదిహేనేళ్లు లేదు. ఉస్మానియా అప్పుడు ఉర్దూ మాధ్యమంలో నడిచేది. దేశభాషలో పై చదువులు సాగవు అనేవాళ్లకు ఈ ఉదాహరణ నేను తరచూ చెబుతుంటాను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇక్కడే హిమాయత్‌నగర్ నుంచి డిగ్రీ భౌతికశాస్త్రాన్ని తెలుగులో అందించింది. ఆ పుస్తకాలు చదివి పైకి వచ్చినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

మరి ఇన్ని ఫోటాన్లు, ఇన్ని టిక్కులు ఉన్న లోకంలో గ్రహణం అంత కచ్చితంగా ఎలా వచ్చింది? ప్లాంక్ స్థిరాంకం 6.626×10⁻³⁴ జౌల్ సెకన్లు. ఎంత చిన్నదో తెలియాలంటే దాన్ని దేనితోనైనా పోల్చాలి. పదార్థానికీ తరంగ గుణం ఉందని 1923-24లో ద బ్రోలీ అన్నాడు. తరంగదైర్ఘ్యం కావాలంటే ఈ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగించాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో కదిలే పది టన్నుల బస్సుకు అది 6.6×10⁻³⁹ మీటర్లు. ప్రోటాన్ పరిమాణమే దాదాపు 10⁻¹⁵ మీటర్లు. బస్సు తరంగాన్ని పసిగట్టే పరికరం ఊహకు కూడా అందదు. 100 వోల్టులతో పరిగెత్తించిన ఎలక్ట్రాన్‌కు మాత్రం అదే సూత్రం 0.12 నానోమీటర్లు ఇస్తుంది, స్ఫటికంలో పరమాణువుల మధ్య ఉండే దూరమంత. అందుకే స్ఫటికం ఎలక్ట్రాన్లను తరంగాల్లా వంచుతుంది. న్యూటన్ సూత్రాలు తప్పని ఎవరూ అనలేదు. అవి ఎంతవరకు చెల్లుతాయో ఇప్పుడు అంకెల్లో చెప్పగలం.

చిన్నవి క్వాంటం, పెద్దవి పాతవి అని ఇక్కడ గీత గీసేస్తే కూడా పొరపాటే. 1984, 85లలో బర్క్‌లీలో క్లార్క్, డెవొరే, మార్టినిస్ చేతిలో పట్టుకోగల అతివాహక విద్యుత్ వలయంలో మెట్లు మెట్లుగా ఉండే శక్తి స్థాయిల్ని చూపించారు. ఆ వలయంలో కోట్లాది ఎలక్ట్రాన్ జతలు ఒక్కటిగా ప్రవర్తించాయి. 2025 భౌతికశాస్త్ర నోబెల్ వాళ్లకే దక్కింది. 2019లో వియన్నాలో దాదాపు 2,000 పరమాణువులున్న అణువులతో వ్యతికరణ చారలు రాబట్టారు. ఇంత పరిమాణం దాటితే క్వాంటం సూత్రం చెల్లదు అనే హద్దు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ కనబడలేదు.

పెద్ద వస్తువుల్లో ఆ వింత కనబడకపోవడానికి ముఖ్య కారణం చుట్టుపక్కల లోకం. గాలి అణువులు, వేడి, వెలుతురు వస్తువును తాకుతూనే ఉంటాయి. తాకినదల్లా దాన్ని ఓ ప్రశ్న అడిగినట్టే, మన మధ్య రేకు అడిగినట్టు. ఎక్కడున్నావని క్షణానికి కోట్ల సార్లు అడుగుతుంటే బస్సు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఇప్పుడు క్యూబిట్ దగ్గరకు రావచ్చు. ఫోటాన్ ధ్రువణమే ఒక క్యూబిట్. నిలువును సున్నా అనుకోండి, అడ్డాన్ని ఒకటి అనుకోండి. 45 డిగ్రీల వాలులో ఉన్న ఫోటాన్‌ను నిలువు రేకు ముందు పెడితే సగం సార్లు దాటుతుంది. దీన్నే ‘రెండూ’ అంటున్నారు. నిలువు ఫోటాన్లు సగం, అడ్డం ఫోటాన్లు సగం కలగలిపి పంపినా నిలువు రేకు దగ్గర అదే ఫలితం వస్తుంది. మరి తేడా ఏమిటి? రేకును 45 డిగ్రీలకు తిప్పి చూడండి. కలగలిపిన గుంపులో సగమే దాటుతుంది. వాలు ఫోటాన్లు అన్నీ దాటుతాయి, ఒక్కటీ ఆగదు. రెండు అవకాశాలు తరంగాల్లా కలిసి ఒకచోట బలపడి, ఇంకోచోట రద్దయ్యాయి. పరీక్షలో రెండు వాక్యాలు రాసే వీలుంటే ఈ రెండో వాక్యం తప్పక రాయండి. క్వాంటం కంప్యూటర్ అన్ని జవాబుల్నీ ఒకేసారి ప్రయత్నించి చూసి సరైనదాన్ని ఎంచుకుంటుంది అన్నది నిజం కాదు. చివర చదివినప్పుడు దక్కేది ఒక్క జవాబే. తప్పు జవాబుల అవకాశాలు రద్దయ్యేలా, సరైనది బలపడేలా ముందే మెట్లు పేర్చడమే అక్కడ విద్య. అలా పేర్చగల సమస్యలు కొన్నే ఉన్నాయి. పెద్ద సంఖ్యల కారణాంకాలు తీయడం ఒకటి, అణువుల శక్తిని లెక్కగట్టడం ఇంకొకటి. మన ఇళ్లలోని కంప్యూటర్ చేసే రోజువారీ పనుల్లో చాలావాటికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

అమరావతికి వస్తుందన్న రకం యంత్రంలో క్యూబిట్లు ఫోటాన్లు కావు, బర్క్‌లీ ప్రయోగం నుంచి ఎదిగిన అతివాహక వలయాలు. వాటిని పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు పైన మాత్రమే ఉంచాలి. అంతకు మించి ఏ కాస్త వేడి తగిలినా, అడగకూడని ప్రశ్న ఎవరో అడిగినట్టే, క్యూబిట్‌లోని కలయిక చెదిరిపోతుంది. అందుకే ఇప్పటి యంత్రాల్లో తప్పులు ఎక్కువ. ఆ తప్పుల్ని దిద్దడానికి ఒక్క నికరమైన క్యూబిట్ కోసం ఎన్నో క్యూబిట్లు వెచ్చించవలసి వస్తోంది. 156 అనే అంకె చదివినప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. యంత్రం రావడం మంచిదే, రావాలనే నా కోరిక. ఆ యంత్రం ముందు కూర్చోబోయే పిల్లలకు ధ్రువణం తెలియాలి, మాతృకలు తెలియాలి, సంభావ్యత తెలియాలి. ఈ మూడూ మన డిగ్రీ కాలేజీల సిలబస్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రయోగశాల బీరువాల్లో ధ్రువణకాలూ ఉన్నాయి. తాళాలు తీసి వాటిని పిల్లల చేతికి ఇవ్వడమే మిగిలింది.

రేకులు ఈ బల్ల మీదే ఉంచుతున్నాను, మూడింటితోనూ ఎవరికి వాళ్లు చేసి చూడండి. మధ్య రేకును 45 దగ్గర కాక 30 దగ్గర పెడితే చివరికి ఎంత వెలుతురు మిగలాలో ముందు కాగితం మీద లెక్క వేసి, ఆ తరవాత కంటికి పెట్టుకోండి. లెక్క కుదరనివాళ్లు నన్ను అడగండి, సభ ముగిశాక కూడా ఇక్కడే ఉంటాను.